తీరిక దొరకనివాళ్లు ఫొటోలు తీయడం, బొమ్మలు వేయడం ఎలా?

ఆదివారం కెమెరా పట్టుకుని ఎటైనా వెళ్లాలని సోమవారం నుంచే అనుకుంటాం. ఆదివారం రానే వస్తుంది. బట్టలు ఉతకడం, ఇల్లు సర్దడం, వారమంతా వాయిదా వేసిన ఫోన్లు చేయడం అయ్యేసరికి పొద్దు వాలిపోతుంది. స్కెచ్ పుస్తకం గతీ ఇంతే. మొదటి పేజీలో ఒక పువ్వు, రెండో పేజీలో సగం కన్ను, ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. నా దగ్గర అలాంటివి మూడున్నాయి.

టైము లేకపోవడం ఇందులో సగం కారణమే. ఫొటో తీయదగ్గవన్నీ ఏ కొండమీదో, ఏ సముద్రం ఒడ్డునో ఉంటాయనీ, మనం పనిచేసే చోట ఏమీ ఉండదనీ అనుకోవడం మిగతా సగం. నిజానికి పనికి ఉన్న సుగుణం సూర్యాస్తమయానికి లేదు. పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. సూర్యుడు ఒకసారి మునిగితే మళ్లీ రేపే. వడ్రంగి చిత్రిక పట్టడం మాత్రం ఇంకో నిమిషంలో మళ్లీ చూడొచ్చు. తప్పిపోయిన ఫొటోకి రెండో అవకాశం, మూడో అవకాశం, ముప్ఫయ్యో అవకాశం ఉంటాయి. రోజుకు పదిహేను నిమిషాలకు మించి దొరకనివాళ్లకు ఇంతకంటే మంచి వస్తువు నాకైతే కనబడలేదు.

వివియన్ మాయర్ సంగతి వినే ఉంటారు. అమెరికాలోని షికాగోలో దశాబ్దాల పాటు ఇళ్లలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసింది. ఆ పిల్లల్ని వెంటేసుకుని వీధుల్లో తిరుగుతూనే లక్షకు పైగా ఫొటోలు తీసింది. వాటిని ఎవరికీ పెద్దగా చూపించలేదు. సామాను దాచుకున్న గది అద్దె కట్టకపోవడంతో 2007లో ఆ పెట్టెలు వేలానికి వచ్చాయి, అప్పుడు గానీ ఆ నెగటివ్‌లు బయటపడలేదు. 2009లో ఆమె చనిపోయింది, పేరు వచ్చింది ఆ తర్వాతే. ఆమె ఫొటోల కోసం ఉద్యోగం మానలేదు. ఉద్యోగం తిప్పిన దారుల్లోనే తీసింది.

ఒక్క పని, ఒక్క చోటు ఎంచుకోండి

ముందు మీ రోజు ఎలా గడుస్తుందో ఒక కాగితం మీద రాయండి. ఎన్నింటికి బయల్దేరతారు, ఎక్కడ ఆగుతారు, ఎవరి కోసం ఎదురుచూస్తారు, ఏ మెట్ల మీద నడుస్తారు. ఆ జాబితాలో మీరు ఊరికే నిలబడే చోట్లు రెండు మూడు దొరుకుతాయి. లిఫ్టు ముందు, బస్సు కోసం, పక్క విభాగం నుంచి కాగితం వచ్చేదాకా, చెప్పులు కుట్టించుకునే దగ్గర. మీ స్టూడియో అదే.

వాటిలోంచి ఒక్కటి ఎంచుకోండి. రెండు వద్దు. నెల రోజుల పాటు అదే చోటు, వీలైతే అదే సమయం. "రోజూ అదేనా, బోరు కొట్టదా?" అని అడుగుతారు. కొడుతుంది. నాలుగో రోజుకే కొడుతుంది. ఆ తర్వాతే కంటికి కొత్తవి కనబడటం మొదలవుతుంది, కాబట్టి బోరు కొట్టిందని చోటు మార్చకండి.

ఏ పని ఎంచుకోవాలో తెలియకపోతే చేతులు ఎక్కువ కదిలే పనులు చూడండి. కుట్టుపని, జుట్టు కత్తిరించడం, సైకిల్ పంక్చరు, కుండలు చేయడం, ఇస్త్రీ, గోడకు సున్నం వేయడం, మొక్కలకు పాదులు తీయడం. ఇంట్లో వంట చేసేవాళ్ల చేతులకు కూడా ఇవన్నీ వర్తిస్తాయి, పైగా అక్కడ పర్మిషన్ బెడద తక్కువ.

మొదటి రెండు రోజులు కెమెరా తీయొద్దు

ఇది ఎవరికీ నచ్చని మాట. కానీ ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి. పని వరస తెలియకుండా ఫొటో తీస్తే మనిషి వస్తాడు, పని రాదు.

నేను మొదట కూర్చున్నది ఒక టైలర్ దగ్గర. తొలిరోజు అరగంట చూస్తే నాకు కనిపించింది "ఒకాయన మిషన్ తొక్కుతున్నాడు" అన్న సంగతే. రెండోరోజు చూస్తే అందులోనే పదిరకాల పనులున్నాయి. దారం కొనను నాలుకతో తడిపి, రెండు వేళ్ల మధ్య నలిపి సన్నం చేస్తాడు. ఎక్కించేటప్పుడు సూది వెనక ఒక తెల్లగుడ్డ ముక్క అడ్డం పెట్టుకుంటాడు, బెజ్జం కనబడటానికి. గుడ్డను నొక్కిపట్టే చిన్న ఇనప పాదాన్ని దించేముందు ఎడమ అరచేత్తో గుడ్డను ఒక్కసారి నిమురుతాడు, నిద్రపోతున్న పిల్లాడి వీపు నిమిరినట్టు. తర్వాత కాళ్లు కదులుతాయి, మిషన్ గోల చేస్తుంది. మలుపు దగ్గరకు వచ్చేసరికి కాళ్లు ఆగిపోతాయి, కుడిచెయ్యి పక్కనున్న చక్రం మీదికి వెళ్తుంది. ఆ చివరి రెండు కుట్లను కాలితో వేయడు, చక్రాన్ని చేత్తో అంగుళం అంగుళం తిప్పుతూ వేస్తాడు. అప్పుడు ఊపిరి బిగబట్టి ఉంటాడు. పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, మళ్లీ దించాకే భుజాలు కిందికి జారతాయి.

నా ఫొటో ఆ చక్రం దగ్గర ఉంది. మిషన్ జోరుగా తిరుగుతున్నప్పుడు చూసేవాడికి సందడిగానే ఉంటుంది గానీ, ఫొటోలో అది వంగిన వీపు తప్ప ఇంకేం కాదు. కాళ్లు ఆగి చెయ్యి చక్రం మీదికి వెళ్లే ఆ రెండు సెకన్లలో మనిషి మనసు మొత్తం వేలి చివరకు వస్తుంది. పైగా అది ప్రతి మలుపు దగ్గరా వస్తుంది. చొక్కా కాలరు ఒక్కదానికే ఎన్ని మలుపులో లెక్కపెట్టండి.

మీరు ఎంచుకున్న పనిలోనూ ఇలాంటి చోటు ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం చెప్తాను. చిన్న నోటుబుక్కులో పని వరసను క్రియలతోనే రాయండి: తడిపాడు, నలిపాడు, ఎక్కించాడు, నిమిరాడు, తొక్కాడు, ఆగాడు, తిప్పాడు. ఏ క్రియ దగ్గర వేగం మారుతోందో అక్కడ గుర్తు పెట్టుకోండి. జోరు నుంచి నెమ్మదికి, నెమ్మది నుంచి జోరుకు మారే చోటే మంచి ఫొటోలు దొరుకుతాయి. బరువు ఎత్తేటప్పటి కంటే దించిన మరుక్షణం బాగుంటుంది. మంగలి కత్తెర ఆడేటప్పటి కంటే ఒకడుగు వెనక్కి వేసి తల వంచి చూసుకునేటప్పుడు బాగుంటుంది.

అడగండి

దొంగచాటుగా తీసిన ఫొటోలో సహజత్వం ఉంటుందని చాలామంది నమ్మకం. నేనూ నమ్మాను. ఒక వర్క్‌షాపులో ఎవరికీ చెప్పకుండా మూడు రోజులు ఫోన్ చాటుగా పట్టుకుని తీశాను. నాలుగోరోజు అక్కడి పెద్దాయన నా దగ్గరికొచ్చి, "ఏం బాబూ, మామీద ఎవరికైనా కంప్లయింట్ పెడుతున్నావా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి చూసుకుంటే రెండొందలకు పైగా ఉన్న ఆ ఫొటోల్లో వీపులు, మోచేతులు, వంకర గోడలు. చాటుగా తీసేవాడు దూరంగా, వంకరగా, కంగారుగా తీస్తాడు. ఆ కంగారంతా ఫొటోలోకి వచ్చేస్తుంది.

కాబట్టి సూటిగా అడగండి. "అన్నా, మీరు పని చేసుకుంటూ ఉండగా మీ చేతుల ఫొటోలు తీసుకోవచ్చా? నేను నేర్చుకుంటున్నాను." చేతులు అనే మాట ముఖ్యం. ముఖం అనగానే జనం జుట్టు సర్దుకుంటారు, లేదా వద్దంటారు. చేతులంటే నవ్వి ఊరుకుంటారు. నాలుగు రోజులు చేతులు తీశాక ముఖం వాళ్లే అలవాటు పడి ఇస్తారు. వద్దంటే మాత్రం వద్దనే. ఇంకోసారి అడగొద్దు.

తీసినవి అప్పుడే చూపించండి. ఎక్కడ పెడతారో కూడా ముందే చెప్పండి, ఆన్‌లైన్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే మరీనూ. పిల్లలున్న చోట వాళ్ల పెద్దవాళ్లను అడగకుండా తీయొద్దు. తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసే మనిషిని కెమెరా వైపు చూడమనొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు. మీ ఫొటో కోసం ఒకరి వేలు తెగడం ఎవరికీ అక్కర్లేదు.

మీది ఆఫీసు అయితే వేరే చిక్కుంది. ఒకసారి నా బల్ల మీద సాయంత్రపు ఎండ పడితే ముచ్చటపడి తీశాను. ఫొటో వెనకాల స్క్రీన్ మీద ఒక కస్టమర్ వివరాలు అక్షరం అక్షరం చదవొచ్చు. వెంటనే తీసేశాను గానీ గుండె జారిపోయింది. పనిచేసే చోట ఫొటోలకు అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉన్నా సరే స్క్రీన్లు, తెల్లబోర్డులు, ఐడీ కార్డులు, కాగితాల మీద అంకెలు ఫ్రేములో పడకుండా చూసుకోండి. అనుమతి లేకపోతే బొమ్మ వేయండి. దాని సంగతికి కింద వస్తాను.

వెలుతురు ఎటునుంచి వస్తోందో చూడండి

గుస్తావ్ కాయ్‌బోత్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1875లో ఒక బొమ్మ వేశాడు. ఖాళీ గదిలో ముగ్గురు పనివాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చెక్కనేలను గీకుతుంటారు. కిటికీ వాళ్ల వెనక ఉంది. ఆ వెలుతురు నేలమీద పడి మనవైపు జారుతూ వస్తుంది. అందుకే గీకిన చోటు, గీకని చోటు వేర్వేరుగా మెరుస్తాయి, లేచిన చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా కనిపిస్తుంది, వీపుల మీద కండరాలు లెక్కపెట్టొచ్చు. అప్పటి అధికారిక ప్రదర్శన సలోన్ దాన్ని తిప్పికొట్టింది. మరుసటి ఏడాది ఇంప్రెషనిస్టులనే కొత్త ధోరణి చిత్రకారుల ప్రదర్శనలో పెట్టాడు. ఇప్పుడది పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది.

ఆ బొమ్మలో నేర్చుకోవాల్సిన కిటుకు ఒక్కటే. వెలుతురు మీ వెనక నుంచి వస్తే అన్నీ కనిపిస్తాయి గానీ అన్నీ చదునుగా ఉంటాయి. పక్కనుంచో, ఎదురుగా కాస్త పక్కకు జరిగో వస్తే గరుకుదనం, తడి, దుమ్ము, ముడత అన్నీ లేచి కనిపిస్తాయి. పని ఫొటోకి ఇవే ప్రాణం. అందుకని వెళ్లగానే కిటికీ ఎక్కడుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకుని, వెలుతురు మీ కుడిభుజం వైపునుంచో ఎడమభుజం వైపునుంచో వచ్చేలా నిలబడండి. రెండడుగులు పక్కకు జరిగితే ఫొటో మారిపోతుంది.

ఉదయం, సాయంత్రం వెలుతురే మంచిదని ఫొటోగ్రాఫర్లు అంటారు. ఆ వేళల్లో మీరు బస్సులో వేలాడుతూ ఉంటారు. ఫర్వాలేదు. మధ్యాహ్నపు ఎండ కూడా లోపలి గదిలోకి తలుపు గుండా వచ్చేసరికి మెత్తబడుతుంది. గుమ్మానికి రెండు మూడడుగుల లోపల కూర్చుని పనిచేసే మనిషికి మిట్టమధ్యాహ్నం పడే వెలుతురును ఏ స్టూడియో లైటూ ఇవ్వలేదు.

వీలైతే ట్యూబ్‌లైటు ఆర్పించండి. కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబ్‌లైటు ఇంకో రంగు. రెండూ కలిస్తే ముఖం ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది. పని ఆగుతుందంటే ఆర్పమనకండి, మీరే జరగండి.

ఫోన్‌తోనే మొదలుపెట్టండి

కెమెరా కొనాలా అని ముందే అడగొద్దు. జేబులో ఉన్న ఫోన్ లెన్స్‌ను ముందు తుడవండి. నవ్వకండి, మసకగా వచ్చే ఫొటోల్లో సగం వేలిముద్రల పాపమే.

చీకటి గదిలో ఫోన్ తనంతట తాను వెలుతురు పెంచేస్తుంది. రాత్రిని పగలు చేస్తుంది. స్క్రీన్ మీద చేతుల దగ్గర నొక్కి, కాసేపు వేలు అలాగే ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త కిందికి జరపండి. నీడలు నల్లగానే ఉండనివ్వండి.

జూమ్ చేయకండి, నడిచి దగ్గరికి వెళ్లండి. అయితే ముఖానికి మరీ దగ్గరగా ఫోన్ పెట్టకండి. ఫోన్ మామూలు లెన్స్ వెడల్పుది కావడం వల్ల అంత దగ్గర్నుంచి ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ముఖానికైతే రెండడుగులు వెనక్కి జరిగి, మీ ఫోన్‌లో దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్స్ ఉంటే దాన్ని వాడండి.

ఇక కదలిక. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షట్టర్ వేగం, అంటే ఫొటో కోసం వెలుతురును ఎంతసేపు లోపలికి రానివ్వాలన్నది, మీ చేతిలో ఉంటుంది. చేతులు స్పష్టంగా ఆగినట్టు రావాలంటే సెకనులో 250వ వంతు సరిపోతుంది. సుత్తి దెబ్బ, ఎగిరే నిప్పురవ్వ లాంటివాటికి 1/1000 కావాలి, అంటే వెలుతురు బాగా ఉండాలి. దానికి వ్యతిరేకంగా, మనిషి కదలకుండా చేతులు మాత్రమే పొగలా కరిగిపోవాలంటే 1/15 గానీ 1/8 గానీ పెట్టి, ఫోన్‌ను గోడకో కుర్చీ వీపుకో ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. పదిలో తొమ్మిది పాడవుతాయి. పదోది బాగుంటుంది. పని మళ్లీ మళ్లీ జరుగుతుందని ముందే అనుకున్నాం కదా, ఆ ధైర్యం ఇక్కడ పనికొస్తుంది.

ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోలో నల్లని అడ్డచారలు పడుతుంటే ఫోన్ చెడిపోయిందని భయపడకండి. కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగేది) ఉన్న చోట ఆ లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి, మన కంటికి తెలియదు, షట్టర్‌కి తెలుస్తుంది. షట్టర్‌ను 1/50కో 1/100కో మార్చండి. 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో అయితే 1/60, 1/120. చారలు పోతాయి.

ఎక్కడ నిలబడాలి, ఏమేం తీయాలి

నిలబడి, కంటి ఎత్తు నుంచి, కిందికి చూస్తూ తీయడం మన అలవాటు. కింద కూర్చుని పనిచేసే మనిషిని అలా తీస్తే నడినెత్తి వస్తుంది, పైగా మనం పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. మాయర్ వాడిన రోలీఫ్లెక్స్ కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి అద్దంలోకి చూస్తూ తీయాలి. కాబట్టి ఆమె ఫొటోల్లో చాలామంది కొంచెం ఎత్తుగా, హుందాగా కనిపిస్తారు. మీరూ ఫోన్‌ను ఛాతీ దగ్గరికి దించండి. మనిషి కింద కూర్చుంటే మీరూ కూర్చోండి.

ఒక పనికి కనీసం నాలుగు రకాల ఫొటోలు తీసుకోండి. మొత్తం గది, అందులో మనిషి చిన్నగా. మనిషి, పనిముట్టు కలిసి. చేతులు ఒక్కటే. చివరిగా మనిషి లేకుండా పనిముట్టు: చెయ్యి పట్టి పట్టి అరిగిన పిడి, సుద్ద గీతలు పడ్డ బల్ల అంచు, గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్న కొలతలు. నాకు అన్నిటికంటే ఈ నాలుగోదే ఇష్టం. అరిగిన కత్తెర పిడి చూస్తే ఆ చేతి బొటనవేలు ఎక్కడ ఆనుతుందో తెలిసిపోతుంది.

పోజు ఇచ్చిన ఫొటో తక్కువదేం కాదు. ఇర్వింగ్ పెన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ 1950, 51 సంవత్సరాల్లో పారిస్, లండన్, న్యూయార్క్ నగరాల్లో రకరకాల చేతివృత్తులవాళ్లను స్టూడియోకి పిలిపించాడు. పనిబట్టలతో, చేతిలో పనిముట్లతో, వెనకాల ఖాళీ తెర ముందు నిలబెట్టి తీశాడు. ఫ్యాషన్ మోడళ్లను తీసే శ్రద్ధే వాళ్ల మీదా పెట్టాడు. మీరు ఒక పాత దుప్పటిని గోడకు కట్టి, పక్కన కిటికీ చూసుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త: "నవ్వండి" అనకండి. "మీ పనిముట్టు ఎలా పట్టుకుంటారో చూపించండి" అనండి. వెంటనే చేతులకు ఏం చేయాలో తెలిసిపోతుంది, ముఖం దానంతట అదే కుదురుకుంటుంది.

చెమట చుక్కలు, ముడతలు, మసిబారిన ముఖం, అదంతా నలుపు తెలుపులో. ఇలాంటివి ఇప్పటికే లోకంలో కావలసినన్ని ఉన్నాయి. పనిచేసే మనిషిని జాలిపడి చూడటం ఒకరకంగా బద్ధకం. ఆయన పనితనం చూడండి.

ఫొటో కుదరనిచోట బొమ్మ

మీటింగులో ఫోన్ ఎత్తలేరు. పెన్ను ఎత్తొచ్చు. నోట్సు రాసుకుంటున్నాడని అందరూ అనుకుంటారు.

అరచేతిలో పట్టే పుస్తకం, రబ్బరు అక్కర్లేని బాల్‌పెన్ను తీసుకోండి. పెన్సిల్ వద్దంటాను. పెన్సిలు చేతిలో ఉంటే చెరపబుద్ధి పుడుతుంది, చెరుపుతూ ఉండగానే ఎదుటి మనిషి కదిలిపోతాడు. ముప్ఫై సెకన్లలో ఒక బొమ్మ అని పెట్టుకోండి. తల ఒక గుండ్రం, వెన్ను ఒక గీత, బరువు ఏ కాలిమీద ఉందో అటు ఒక గీత. ముఖం జోలికి పోవద్దు. వెన్ను వంపు సరిగ్గా పడితే తెలిసినవాళ్లు ముఖం లేకుండానే ఫలానా అని గుర్తుపడతారు.

పనిచేసే మనిషి కదులుతూనే ఉంటాడు కదా, ఎలా గీయాలి? ఒకే పేజీలో మూడు బొమ్మలు మొదలుపెట్టండి. వంగినప్పుడు ఒకటి, లేచినప్పుడు ఒకటి, పక్కకు తిరిగినప్పుడు ఒకటి. వంగగానే మొదటి బొమ్మకు రెండు గీతలు, లేవగానే దాన్ని వదిలేసి రెండో బొమ్మకు రెండు గీతలు. మళ్లీ వంగుతాడు, మళ్లీ మొదటిదానికి రండి. ఇస్త్రీ చేసేవాళ్ల మీద ప్రయత్నించండి, పావుగంటలో మూడు బొమ్మలూ నిండుతాయి. ఒక్కటే బొమ్మ పట్టుకుని కూర్చున్నవాడు మాత్రం మనిషి ఎప్పుడు కుదురుగా ఉంటాడా అని గంట సేపు ఎదురుచూస్తాడు.

పనిముట్టు పెద్దదైతే ముందు దాన్నే గీయండి. అది కదలదు. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1884లో నెదర్లాండ్స్‌లోని నూనెన్ అనే ఊళ్లో నేతగాళ్ల బొమ్మలు వరసగా వేశాడు. వాటిలో మగ్గమే ముందుగా కంటిలో పడుతుంది, మనిషి ఆ చట్రం లోపల ఇరుక్కుని ఉంటాడు. మగ్గం గీశాక మనిషి కోసం ఎంత చోటు మిగిలిందో, అంతే చోటు ఆయనకు నిజంగానూ ఉందన్నమాట.

చేతులు గీయడమంటే అందరికీ టెన్షనే. ఒక కొలత గుర్తుంచుకుంటే సగం భయం పోతుంది. మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా ఉన్న పొడవు, గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా ఉన్న పొడవుకు దాదాపు సమానం. మీ చెయ్యి మీ ముఖానికి పెట్టి చూసుకోండి. మనందరం చేతులు చిన్నవిగా గీస్తాం. ఐదువేళ్లూ విడివిడిగా గీయకుండా, ముందు తొడుగు వేసుకున్నట్టు ఒకే ముద్దగా గీసి, బొటనవేలు వేరుచేసి, తర్వాత చీల్చండి.

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు "మా పనిలో చూడ్డానికి ఏముంది?" అంటారు. నిజమే, అందరూ ఒకేలా కూర్చుంటారు. అయితే స్క్రీన్ ఎర్రర్ చూపించినప్పుడు చేతులు ఎక్కడికి వెళ్తాయో గమనించండి. కొందరివి తల మీదికి, కొందరివి మెడ వెనక్కి, ఒకాయనవైతే రెండు చేతులూ చంకల్లోకి. అలా "ఎర్రర్ వచ్చింది" అని ఒక్క పేజీ నింపండి.

ఏరడం

వారానికి ఒకరోజు, ఒక్క అరగంట. అంతకు మించి పెట్టుకోవద్దు, అది ఇంకో ఉద్యోగమైపోతుంది. తీసినరోజే ఏరకండి. తీసేటప్పుడు పడ్డ కష్టం గుర్తుండి చెత్త ఫొటో కూడా ముద్దొస్తుంది. నాలుగు రోజులు ఆగితే ఆ మమకారం తగ్గుతుంది. వందలోంచి పది, ఆ పదిలోంచి మూడు. మిగతావి దాచుకోవచ్చు, చూపించకండి.

ప్రతి ఫొటో కింద రెండు వాక్యాలు రాయండి. అమెరికాలో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ 1908 నుంచి మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల్ని బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా ఫొటోలు తీశాడు. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, ఏవేవో సాకులు చెప్పి వెళ్లేవాడు. తన కోటు గుండీలు నేలనుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకుని, పక్కన నిలబడ్డ పిల్లల ఎత్తు దాన్నిబట్టి రాసుకునేవాడు. వయసు, చేసే పని, ఎన్నాళ్లుగా చేస్తున్నారు. ఫొటోతో పాటు ఆ వివరాలు ఉండబట్టే వాటిని ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయలేకపోయారు. మీరు అంత పెద్ద పని చేయకపోవచ్చు. అయినా "పని అందం" అని శీర్షిక పెట్టడం కంటే "కాలరు మలుపు దగ్గర చక్రాన్ని చేత్తో తిప్పుతారు" అని రాస్తే చదివినవాళ్లు ఫొటోను మళ్లీ ఒకసారి చూస్తారు.

ఎడిటింగ్ గురించి ఎక్కువ చెప్పను. వంకరగా ఉంటే సరిచేయండి, అంచుల్లో అనవసరమైనవి ఉంటే కత్తిరించండి. ఫిల్టర్లు వద్దు.

ఒకటి ప్రింటు తీసి ఇవ్వండి

నెల చివర్లో ఒక్క మంచి ఫొటో కాగితం మీద ప్రింటు వేయించి, ఎవరిని తీశారో వాళ్లకు ఇవ్వండి. ఫోన్‌లో పంపితే సరిపోదు, అది వందలో ఒకటిగా కిందికి జారిపోతుంది.

నేను ఆ చక్రం ఫొటో ప్రింటు తీసుకెళ్లి టైలర్ చేతిలో పెట్టాను. కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని, వెలుతురు వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. చేతులు ఎంత బాగా వచ్చాయో అంటాడేమో అని నేను కాచుక్కూర్చున్నాను. "బెల్టు వదులైపోయింది చూడు," అన్నాడు. ఫొటోను బల్ల సొరుగులో పెట్టి, మిషన్ పక్కకు వంగి, బెల్టు బిగించడం మొదలుపెట్టాడు. అది ఆయన చేయగా నేనెప్పుడూ చూడని పని. ఫోన్ తీయలేదు, వరస రాసుకున్నాను.